మెట్లు లేని చోట

పదకొండో ప్రశ్న:
"చేయి పట్టుకుంటే బిడ్డ మెట్లెక్కుతాడా?"
చుట్టూ చూశాను.
సోన్‌కోల్ సరస్సు ఒడ్డున
ఇరవై ఉన్ని గుడారాలు, నాలుగొందల గుర్రాలు.
ఒక్క మెట్టు లేదు.

నరిన్ పట్నంలో మూడు రోజుల శిక్షణ.
"అడగాల్సింది అడిగినట్టే అడగాలి,
ఒక్క మాటా మార్చొద్దు" అన్నారు.
సరేనని తలూపిన నేను, బురుల్చాను,
ఇరవై రెండేళ్లుగా ఈ కొండల్లో
సూదిమందు సంచీ మోస్తున్నదాన్ని,
మొదటి గుడారంలోనే మాట తప్పాను.
'మెట్లు' కొట్టేసి 'పరుపుల దొంతర' అని రాశాను.
పెట్టె మీద పేర్చిన బొంతలెక్కని పిల్లవాడు
ఈ బీళ్లలో ఎవడున్నాడు?

ఎర్బోల్‌కి పందొమ్మిది నెలలు.
నేను అడగకముందే ఎక్కేశాడు,
పై నుంచి నా ఒళ్లోకి దూకాడు.

వాడి నాయనమ్మ సైరాకాన్ నవ్వింది.
"నీ కాగితం ఎందుకమ్మా,
వీడి కాళ్లకు నలుపూ తెలుపూ దారం కట్టి
పిల్లలకు పందెం పెట్టి కోయించాం.
దారం తెగింది. వీడు నడిచాడు.
ఇంకేం చూస్తావు?"

నిజమే. ఆ దారమూ ఒక ప్రశ్నే,
మా ఆఫీసు పుట్టకముందు నుంచీ
ఈ కొండలు అడుగుతున్న ప్రశ్న.
ఒప్పుకున్నాను. టీ తాగాను.
ఎండిన పెరుగు ఉండ బుగ్గన పెట్టుకున్నాను.

ఇరవై మూడో ప్రశ్న దగ్గర
బయట కుక్క మొరిగింది.
నేను తిరిగాను. అవ్వ తిరిగింది.
పాల బకెట్టుతో వస్తున్న జాంగిల్
గుమ్మంలోనే ఆగి వెనక్కి చూసింది.
ఎర్బోల్ మాత్రం
నా గడియారం గొలుసుతో ఆడుతూనే ఉన్నాడు.

"మాట చెవిన పెట్టడు, మొండిఘటం" అంది అవ్వ.
వాడి వెనక గంట మోగించాను.
గరిటెతో కెటిల్ మీద కొట్టాను.
మెల్లగా పిలిచాను, గట్టిగా పిలిచాను.
"గుర్రాలొస్తుంటే అందరికంటే ముందు
వీడికే తెలుస్తుంది,
చెవులు లేవంటావా?"
అవ్వ గొంతులో కోపం.

మడమతో నేలను తన్నాను.
చటుక్కున తిరిగాడు,
అరికాళ్లతో విన్నవాడు,
నోరంతా నవ్వుతూ.

చెవిన పడితే కదా, పెట్టడానికి.
ఆ మాట పైకి అనలేదు.
ఎలా చెప్పాలో కాగితంలో లేదు.
మూడే గడులు:
అవును, అప్పుడప్పుడు, ఇంకా లేదు.
'ఇంకా' అన్న మాట అక్కడ చేర్చినవాళ్లెవరో
ఒక రాత్రి నిద్ర మానుకునే ఉంటారు.
ఉత్త 'లేదు' అయితే
నా నోరు పెగిలేది కాదు.

జాంగిల్ ఏడవలేదు.
"పట్నం వెళితే మూడు రోజులు.
రెండు గంటలకోసారి పాలు పితకాలి.
నా గుర్రాలని ఎవరు చూస్తారు?"
నా కాగితాల కట్టలో
ఎవరూ అడగని ప్రశ్న అది.
పక్క గుడారం ఆడవాళ్లు వంతులేసుకున్నారు.
కుబాత్ జీపు అడిగితే డీజిల్ అడిగాడు.
ఆసుపత్రిలో పేరు వంద మంది వెనక.
మంచు పడి కనుమ మూసుకునేలోపు
రెండుసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చాం.

మూడోసారి, చెవి వెనక
చిక్కుడు గింజంత యంత్రం.
పెట్టిన గంటకే పీకి టీలో వేశాడు.

ఆ చలికాలమంతా
పక్షానికోసారి గుర్రమెక్కి వెళ్లాను.
వెలుగున్న వైపు కూర్చోమన్నాను,
పెదాలు కనబడేలా మాట్లాడమన్నాను,
వాడి చేతిని నీ గొంతు మీద పెట్టుకో అన్నాను.
సైరాకాన్ నాతో మాట్లాడటం మానేసింది,
కానీ బ్యాటరీలు చలికి చావకుండా
రొమ్ముల మధ్య దాచుకుని పడుకునేది.

రెండు గుడారాల అవతల ఐజాన్ ఉంది.
దాని దగ్గరికి నేను వెళ్లేసరికి
నాలుగేళ్లు నిండాయి.
దాని గురించి రాయలేను.

మళ్లీ వేసవిలో ఎర్బోల్ పలికాడు.
అమ్మ అని కాదు,
నాయనమ్మ అని అసలే కాదు.
గుర్రాల్ని పిలిచే పిలుపు:
"కురూ, కురూ."
ఒక ఆడగుర్రం తలెత్తి చూసింది.
దానికి గడి లేదు.
కాగితం అంచున రాశాను.

నిన్న నరిన్ నుంచి ఉత్తరం:
పదకొండో ప్రశ్న మార్చిందెవరు?
సంజాయిషీ రాయాలట.

రాశాను:
ఒకసారి ఇటు రండి.
మెట్లెక్కడున్నాయో చూపించి వెళ్లండి.